మంట ఒక్క వంటింట్లో, బండ్లు ఏడెందుకు?

మీ ప్రశ్న చదివితే నవ్వొచ్చింది. నేను ఫైర్‌ఫైటర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో మా నాన్న కూడా అచ్చం ఇవే అడిగాడు. న్యూయార్క్‌లో మీ వీధి చివర ఐదంతస్తుల పాత ఇటుక బిల్డింగు, మూడో అంతస్తులో ఒక వంటగది అంటుకుంది. చూస్తుండగానే ఏడెనిమిది బండ్లొచ్చి రోడ్డు నిండిపోయింది. ఒకాయన కిటికీ అద్దం పగలగొట్టాడు, ఇంకొకాయన మేడ మీద ఏదో విరగ్గొట్టాడు. నలుగురైదుగురు చేతులు కట్టుకుని నిలబడ్డారు. అంత పొడవు నిచ్చెన తెచ్చి దాన్ని కదిలించనైనా లేదు. నీళ్లు మాత్రం చాలాసేపటికి గానీ కనబడలేదు. ఇదంతా చూసిన మీ అబ్బాయేమో ఇక ఆ ఉద్యోగమే చేస్తానంటున్నాడు. పిల్లవాణ్ణి ఆపాలా, పంపాలా అని మీ సందేహం.

నేను తూర్పు తీరంలోనే ఇంకో పెద్ద నగరంలో 24 ఏళ్లు చేశాను. మొదటి తొమ్మిదేళ్లు ఇంజన్ మీద, తర్వాత లాడర్ మీద. లెఫ్టినెంట్‌గా రిటైరయ్యాను. మీరుండేది న్యూయార్క్ కాబట్టి లెక్కలు అక్కడివే చెబుతాను.

ముందు బండ్ల సంగతి. మనవాళ్లు ఎర్రబండి ఏది కనబడినా ఫైరింజనే అంటారు. మా దగ్గర అలా అంటే కొత్తవాడికి వారం రోజులు గిన్నెలు కడిగే పని పడుతుంది. ఇంజన్ అంటే పంపు, హోస్ (నీళ్ల పైపు), కాస్త నీళ్లు ఉన్న బండి. లాడర్ అంటే నిచ్చెన, తలుపులు పగలగొట్టే సామాను, రంపాలు, తాళ్లు ఉన్న బండి. న్యూయార్క్ లాడర్ బండిలో మంటార్పే హోసూ ఉండదు, ట్యాంకూ ఉండదు. అందులో ఉండే నీళ్లల్లా రెండున్నర గ్యాలన్ల సిలిండర్లు, మా భాషలో ‘క్యాన్’. మీరు చూసిన బండ్లలో సగం దాకా నీళ్లు లేనివే. అవి వచ్చింది ఆర్పడానికి కాదు, వెతకడానికి, తెరవడానికి.

ఇంజన్‌లో మాత్రం నీళ్లెన్నుంటాయి? 500 గ్యాలన్లు. చిన్న హోస్ నిమిషానికి 180 గ్యాలన్లు తాగుతుంది. లెక్కేసుకోండి, మూడు నిమిషాలు కూడా రావు. అందుకే ఇంజన్ నడిపేవాడి కళ్లు మంట మీద ఉండవు, హైడ్రంట్ మీద, అంటే హోస్ తగిలించుకునే వీధి కుళాయి మీద ఉంటాయి. మంట ముందు బండి ఆపేసి హైడ్రంట్ దాటిపోయానని తెలుసుకున్న డ్రైవర్ ముఖం ఒక్కసారి చూశాను. మళ్లీ చూడాలనుకోను.

న్యూయార్క్‌లో సుమారు 200 ఇంజన్ కంపెనీలు, 143 లాడర్ కంపెనీలు, వాటి మీద, చిక్కుకున్నవాళ్లని బయటికి తీసే ప్రత్యేక శిక్షణ ఉన్న 5 రెస్క్యూ కంపెనీలు. కంపెనీ అంటే వ్యాపారం కాదు, ఒక బండీ దాని మనుషులూ. ‘పనున్న మంట’ అని తేలగానే రేడియోలో 10-75 అంటారు. ఆ మాటకి నాలుగు ఇంజన్లు, మూడు లాడర్లు, కంపెనీల మీద అజమాయిషీ చేసే ఇద్దరు బెటాలియన్ చీఫ్‌లు, ఒక రెస్క్యూ, ఒక స్క్వాడ్ (అదనపు శిక్షణ ఉన్న ఇంకో కంపెనీ) కదులుతాయి. మీరు చూసిన గుంపు అదే. ఇంకా చేతకాకపోతే రెండో అలారం, మూడో అలారం. అలారం అంటే గంట కాదండీ, ఇంకో విడత మనుషులు.

చేతులు కట్టుకుని నిలబడినవాళ్ల మీద మీకు కోపం వచ్చింది కదా. వాళ్ల పనే నిలబడటం. లోపలికి పోయిన మావాళ్లలో ఒకడు చిక్కుకుపోతే తీసుకురావడానికి ఒక లాడర్ కంపెనీని పూర్తిగా పక్కన పెడతారు. ఊపిరాడని చోట ఇద్దరు లోపలికి వెళ్తే ఇద్దరు బయట సిద్ధంగా ఉండాలనేది ఈ దేశంలో కార్మిక భద్రతా నిబంధన. ఎదురుగా మంట మండుతుంటే ఏమీ చేయకుండా రేడియో వింటూ నిలబడటం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. మా కుర్రాళ్లు ఆ డ్యూటీ పడితే మొహం మాడ్చుకునేవారు.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఉద్యోగంలో ఎవరు ఏం చేయాలో మంట దగ్గరికి వెళ్లాక నిర్ణయించరు. డ్యూటీ ఎక్కేటప్పుడే పేరు పేరునా రాసి పెట్టేస్తారు. న్యూయార్క్ లాడర్‌లో ఆరుగురు. ఆఫీసర్ ఒకడు. ‘ఐరన్స్’ వాడి చేతిలో గొడ్డలి, హాలిగన్ బార్ ఉంటాయి. ‘క్యాన్’ వాడి భుజాన ఇందాక చెప్పిన నీళ్ల సిలిండర్, చేతిలో కొక్కెం. ఈ ముగ్గురూ లోపలికి. ‘రూఫ్’ వాడు మేడ మీదికి. ‘ఓవీ’ వాడు, అంటే పొగకి దారి చేసే ‘అవుట్‌సైడ్ వెంట్’ వాడు, బయటి నుంచి కిటికీల వైపు. డ్రైవర్ నిచ్చెన దగ్గర. ఇంజన్‌లో నాజిల్, అంటే హోస్ చివర నీళ్లు చిమ్మే మూతి పట్టేవాడు ఒకడు, వాడి వెనక బరువు మోసేవాడు ఒకడు, తలుపు దగ్గర ఉండి హోస్ మెలికలు పడకుండా లోపలికి తోసేవాడు ఒకడు, పంపు దగ్గర డ్రైవర్, వీళ్లందరికీ ఒక ఆఫీసర్. నాజిల్ వాడు వీరుడిలా కనబడతాడు కానీ, మూడు మలుపుల మెట్ల మీద హోస్ ఇరుక్కుంటే వాడు దిష్టిబొమ్మే. మంటని ఆర్పేది తలుపు దగ్గరివాడని నేను ఇప్పటికీ వాదిస్తాను.

హాలిగన్ అన్నాను కదా, దాని గురించి ఒక్క మాట. న్యూయార్క్‌లోనే డిప్యూటీ చీఫ్‌గా చేసిన హ్యూ హాలిగన్ 1948లో చేసిన ఉక్కు కడ్డీ అది. ఒక కొసన చీలిన పంజా, రెండో కొసన బాడిసెలాంటి పలక, దాని పక్కనే కొమ్ములా మొన. పంజాని తలుపుకీ చట్రానికీ మధ్య సందులో పెట్టి, గొడ్డలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేసి, ఒళ్లంతా వేలాడేసి లాగితే మూడు తాళాలున్న ఇనుప తలుపైనా నోరు తెరుస్తుంది. ఆ పనిముట్టు వచ్చి ముప్పావు శతాబ్దం దాటింది, దానికి మించినది ఇంకా రాలేదు.

ఇక కిటికీ ఎందుకు పగలగొట్టారు? నీళ్లు పోయకుండా అద్దాలు పగలగొడుతున్నారని చుట్టుపక్కలవాళ్లు తిట్టుకోవడం మామూలే. లోపల పొగంటే మనం అనుకునే పొగ కాదు. సగం కాలిన నూనె, సగం కాలిన స్పాంజి. అది గాలి కోసం ఎదురుచూస్తున్న ఇంధనం. పాతకాలపు ఇళ్లలో చెక్క కుర్చీలు, దూది పరుపులు ఉండేవి. ఇప్పుడు సోఫా దగ్గర్నుంచి కర్టెన్ దాకా పెట్రోలియం నుంచి పుట్టినవే. యూఎల్ అనే పరీక్షా సంస్థ రెండు గదులు పక్కపక్కనే కట్టి, ఒకదాంట్లో పాతకాలపు సామాను, ఇంకోదాంట్లో ఇప్పటి సామాను పెట్టి ఒకేలా నిప్పంటించింది. పాత గది మొత్తం భగ్గుమనడానికి దాదాపు అరగంట పట్టింది. కొత్త గది నాలుగు నిమిషాలు కూడా నిలవలేదు. మేం గంట విని, బట్టలేసుకుని, బండెక్కి, మీ వీధికి వచ్చేసరికే ఆ నాలుగు నిమిషాలు అయిపోతాయి.

అంటే మేం వచ్చేటప్పటికి ఆ గది గాలి చాలక ఉక్కిరిబిక్కిరి అవుతూ ఉంటుంది. అప్పుడు కిటికీ పగలగొడితే ఏమవుతుంది? పొగ బయటికి పోతుంది, గాలి లోపలికి వస్తుంది. ఆ వెంటనే నీళ్లు పడితే మేలు. పడకపోతే మీరే ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు. నేను చేరినప్పుడు మా పెద్దవాళ్లు చూసిన కిటికీనల్లా పగలగొట్టేవారు, దాన్నే ధైర్యం అనేవారు. 2012లో న్యూయార్క్ డిపార్ట్‌మెంటు, యూఎల్, నిస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధనా సంస్థ కలిసి గవర్నర్స్ ఐలాండ్‌లో ఖాళీ ఇళ్లు తగలబెట్టి కొలతలు తీశాక ఆ పద్ధతి చాలావరకు మారింది. ఇప్పుడు లోపలి ఆఫీసర్ రేడియోలో అడిగితే తప్ప బయటివాడు అద్దం ముట్టుకోకూడదు. మీరు చూసిన ఆ మనిషి ఒక చేత్తో కొక్కెం పట్టుకుని కాసేపు ఊరికే నిలబడి, తర్వాత ఒక్కసారిగా కొట్టి ఉంటాడు, గుర్తు తెచ్చుకోండి. ఆ కాసేపు వాడు విన్నది లోపలి మాట.

మేడ మీదివాడు విరగ్గొట్టింది కప్పు అయి ఉండదు, మెట్ల గది పైనున్న తలుపో, గాజు పలకో. మెట్ల దారి పొగ గొట్టంలా పనిచేస్తుంది. పైన మూత తీస్తే పొగ పైకి పోయి, పై అంతస్తులవాళ్లు మెట్ల మీద ఊపిరి పీల్చుకోగలుగుతారు. కప్పుకి రంపంతో కన్నం పెట్టేది సాధారణంగా చిట్టచివరి అంతస్తు అంటుకున్నప్పుడే. అన్నట్టు ఆ రూఫ్ వాడు మండుతున్న బిల్డింగు లోపలి మెట్లెక్కి పైకి పోడు. పక్క బిల్డింగు నుంచో, నిచ్చెన మీదనో, వెనక ఇనుప మెట్ల మీదనో పోవాలి. శిక్షణలో మొదట్లోనే బుర్రకెక్కిస్తారు.

నా మూడో నెలలో జరిగింది చెబుతాను, అప్పుడు ఇదంతా ఒక చోటికి వస్తుంది. డిసెంబరు రాత్రి, మీరు చెప్పినలాంటి బిల్డింగే, మూడో అంతస్తే. నాజిల్ నా చేతిలో. తలుపు బయట మోకాళ్ల మీద కూర్చున్నాను, హోస్ ఇంకా చప్పబడి నా ఒళ్లో చుట్టలా ఉంది. తలుపు జానెడు తెరిచి ఐరన్స్ వాడు కడ్డీతో అలాగే పట్టి ఉంచాడు. ఆ సందులోంచి క్యాన్ వాడు పొట్ట మీద పాకుతూ లోపలికి పోయాడు. కాసేపటికి లోపల్నుంచి చిటపట శబ్దం. ఆ రెండున్నర గ్యాలన్లని బొటనవేలు అడ్డం పెట్టి చిలకరిస్తున్నాడు, మంట వంటింటి గుమ్మం దాటకుండా. మిగతా గదులు వెతకడానికి వీలుగా వాడు నిప్పుతో బేరమాడుతున్నాడన్నమాట. నాకు లోపలికి దూకేయాలని ఉంది. మా లెఫ్టినెంట్ చెయ్యి నా భుజం మీద ఉంది, మాస్కు నా మాస్కుకి ఆనించి ‘ఇంకా కాదు’ అన్నాడు.

అప్పుడు హోస్ బిగుసుకోవడం మొదలైంది, కింది మెట్ల నుంచి ఒక్కో మలుపూ దాటుకుంటూ, పాము నిద్ర లేచినట్టు. నాజిల్ కాస్త తెరిచాను. ముందు గాలి బుస్సుమంది, తర్వాత దగ్గినట్టు నీళ్లు. మూశాను. భుజం మీది చెయ్యి తోసింది. పాక్కుంటూ పోయి సీలింగ్‌కేసి కొట్టి గుండ్రంగా తిప్పాను. నారింజ రంగు పోయి ఒక్కసారిగా కటిక చీకటి, ఆవిరి చెవుల దగ్గర కాలుతోంది. లెఫ్టినెంట్ రేడియోలో ఒక్క మాట అన్నాడు, బయట అద్దం భళ్లుమంది, తెర ఎత్తినట్టు పొగ పైకి లేచింది.

అంతా అయ్యాక లైటు వేసి చూస్తే గోడ గడియారం కొవ్వొత్తిలా కరిగి గోడ వెంట కారిపోయింది. దాని కిందే నేల మీద ప్లాస్టిక్ బుట్టలో ఉల్లిపాయలు, బుట్ట చెక్కుచెదరలేదు. పాకడం ఎందుకో నాకు ఆ బుట్ట చెప్పినంత బాగా అకాడమీ చెప్పలేదు.

ఇంకొకటి, ఇది మీ ఇంట్లో అందరికీ చెప్పండి. 2022 జనవరి 9న న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో ట్విన్ పార్క్స్ అనే పందొమ్మిది అంతస్తుల బిల్డింగులో ఒక హీటర్ నుంచి మంట పుట్టింది. మంట ఆ ఫ్లాటూ దాని ముందున్న నడవా దాటి పెద్దగా పోలేదు. అయినా 17 మంది చనిపోయారు, పొగ వల్ల. దానంతటదే మూసుకోవాల్సిన తలుపులు మూసుకోలేదు. ఇల్లు అంటుకుని బయటికి పరిగెత్తేటప్పుడు వెనక తలుపు లాగి వెళ్లండి. ఏ ఫైరింజనూ చేయలేని సాయం అది.

నిచ్చెన ఎందుకు వాడలేదంటారా, మెట్లు బాగున్నప్పుడు మెట్లే మంచివి. నిచ్చెన ఉన్నది మెట్ల దారి మూసుకుపోయినవాళ్ల కోసం, కిటికీలో నిలబడి చేతులూపేవాళ్ల కోసం. వంద అడుగుల నిచ్చెన అంటే పది అంతస్తులని లెక్కేయకండి. బండి గోడకి ఆనించి ఆపలేం, ఏటవాలుగా పోవాలి, చెట్లు, తీగలు, ఆపి ఉన్న కార్లు అడ్డం. ఏడెనిమిది అంతస్తులు అందితే గొప్ప. 1911 మార్చి 25న న్యూయార్క్‌లోనే ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ బట్టల ఫ్యాక్టరీ తగలబడితే మంట 8, 9, 10 అంతస్తుల్లో ఉంది, నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. ఒక తలుపుకి తాళం వేసి ఉంది. 146 మంది పోయారు, ఎక్కువమంది కుట్టుపని చేసే ఆడపిల్లలు.

ఆకాశహర్మ్యాల్లో మా పని వేరు. హోస్ మడతలు భుజాన వేసుకుని లిఫ్ట్‌లో మంటకి రెండంతస్తుల కింద దిగి, మెట్ల పక్కన నిలువుగా పోయే నీటి గొట్టానికి, అంటే స్టాండ్‌పైప్‌కి, తగిలించుకుని పైకి పోతాం. ఆ గొట్టం మాది కాదు, బిల్డింగుది. ఎవడో ఎప్పుడో దాన్ని సరిగా చూసుకున్నాడని నమ్మి పోతాం. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల బిల్డింగులో 22వ అంతస్తు అంటుకుంది. స్టాండ్‌పైప్ మీద ఒత్తిడి తగ్గించే వాల్వులు తప్పుగా అమర్చి ఉన్నాయి, నాజిల్‌లో నీళ్లు చాల్లేదు. పన్నెండు అలారాలు, 300 మందికి పైగా మనుషులు, సుమారు 19 గంటలు. ముగ్గురు ఫైర్‌ఫైటర్లు చనిపోయారు. చివరికి మంట 30వ అంతస్తులో ఆగింది. ఆపింది మావాళ్లు కాదు. ఆ అంతస్తులో స్ప్రింక్లర్లు, అంటే వేడి తగిలితే వాటంతటవే తెరుచుకునే సీలింగ్ నీటి తలలు ఉన్నాయి, పది తలలు తెరుచుకుని నీళ్లు చిమ్మాయి, అంతే. మా వృత్తి గొప్పతనం గురించి ఎవరైనా మరీ పొగిడితే నేను ఆ పది స్ప్రింక్లర్ల సంగతి చెప్పి ఊరుకుంటాను.

మీ అబ్బాయికి బండ్లంటే మోజు అన్నారు కాబట్టి రెండు ముక్కలు. లాడర్లలో ‘టిల్లర్’ అని ఒకటుంది, వెనక కూడా స్టీరింగ్, దానికి ఇంకో డ్రైవర్. ఇరుకు సందుల్లో తోక ఒకవైపు, తల ఒకవైపు తిప్పుకుంటూ పోవచ్చు. వెనక కూర్చున్నవాడు ముందు చక్రాలకి ఎదురుతిరిగి ఆలోచించాలి. నేను మొదటి రోజు ఒక చెత్తడబ్బాని, ఒక పార్కింగ్ బోర్డుని తీసుకుపోయాను. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు ఇప్పటికీ చెక్క నిచ్చెనలే వాడతారు, వాళ్ల వర్క్‌షాపులోనే చేసుకుంటారు. ఆ ఊరి నిండా కరెంటు తీగలు, తడవని చెక్కకి షాక్ భయం తక్కువ.

కానీ బండి కన్నా బండి మీద ఎంతమంది అన్నదే ముఖ్యం, ఇది నేను చచ్చేదాకా చెబుతాను. కొత్త ఇంజన్ సుమారు పది లక్షల డాలర్లు, లాడర్ దానికి రెండింతలు, ఆర్డరిచ్చాక ఏళ్ల తరబడి చూడాలి. మేయర్లకి బండి ముందు రిబ్బన్ కత్తిరించడం ఇష్టం. నాలుగో మనిషి జీతానికి రిబ్బన్ ఉండదు. 2010లో నిస్ట్ ఒక మామూలు ఇల్లు కట్టి కొలిచింది. ఇంటి మంట దగ్గర చేయాల్సిన 22 పనులూ నలుగురేసి ఉన్న బండ్లవాళ్లు ముగ్గురేసి ఉన్నవాళ్లకన్నా సగటున ఐదు నిమిషాలు ముందు ముగించారు. ఇందాక గది భగ్గుమనడానికి ఎంతసేపన్నాను? అగ్ని భద్రతా ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ అనే సంస్థ ప్రమాణం బండికి కనీసం నలుగురంటుంది. చాలా ఊళ్లలో ముగ్గురే. మా ఊళ్లో ఒక బడ్జెట్ ఏడాది లాడర్ మీద ఐదో మనిషిని తీసేశారు, రూఫ్ పనీ ఓవీ పనీ ఒకడికే పడింది. ఆ ఏడాది వేసవిలో ఒక ఇంటి వెనక కిటికీ దగ్గరికి మేం చేరాల్సినంత తొందరగా చేరలేదు. ఆ సంగతి ఇంతకన్నా రాయలేను.

పొదుపు ఎలా చంపుతుందో ఊరికి తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2005 జనవరి 23, బ్రాంక్స్, మంచు తుఫాను. నాలుగో అంతస్తులో ఆరుగురు ఫైర్‌ఫైటర్లు చిక్కుకున్నారు. ఫ్లాటులో ఎవరో అనుమతి లేకుండా అడ్డగోడలు కట్టి గదులు విడగొట్టి అద్దెకిచ్చారు, ఇనుప మెట్లకి దారి మూసుకుపోయింది. ఒకప్పుడు అందరికీ ఇచ్చే సొంత తాళ్లని డిపార్ట్‌మెంటు అప్పటికే మానేసింది. ఆరుగురూ కిటికీలోంచే బయటపడాల్సి వచ్చింది. ఇద్దరు ఆ రోజే పోయారు. ఆ తర్వాత నగరం ప్రతి ఒక్కరికీ తాడు, కొక్కెం ఉన్న పట్టీ ఇచ్చింది.

సరే, ఉద్యోగం సంగతి. అమెరికాలో ఫైర్‌ఫైటర్లలో మూడింట రెండొంతుల దాకా జీతం లేని వలంటీర్లే, చిన్న ఊళ్లన్నీ వాళ్ల మీదే నడుస్తాయి. జీతమిచ్చే పెద్ద నగరాల్లో పోటీ విపరీతం. న్యూయార్క్‌లో కొన్నేళ్లకోసారి రాతపరీక్ష పెడతారు, మార్కుల మీద లిస్ట్ నంబరు వస్తుంది, ఆ లిస్టు నాలుగేళ్లు నడుస్తుంది. ఊళ్లో నివసించేవాళ్లకి అదనంగా 5 పాయింట్లు, మాజీ సైనికులకి వేరే పాయింట్లు. వేలమంది మధ్య ఒకటి రెండు మార్కుల్లో నంబరు ఎక్కడికో జారిపోతుంది, కాబట్టి ఆ 5 చిన్నవి కావు. ఉద్యోగంలో చేరేనాటికి అమెరికా పౌరసత్వం ఉండాలి. మన పిల్లల్లో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీవాడిది ఏ స్థితో మీరు రాయలేదు, ముందు అది చూసుకోండి. వయసు పరిమితులు ఊరికొకటి, ఆ ఏడాది ప్రకటన చదవకుండా ఎవరి మాటా నమ్మొద్దు, నా మాట కూడా.

ఈ రాతపరీక్షల చుట్టూ పెద్ద కథ ఉంది. న్యూయార్క్‌లో ఆడవాళ్లు మొదటిసారి చేరింది 1982లో, అదీ బ్రెండా బెర్క్‌మన్ అనే ఆవిడ కోర్టుకెళ్లి శారీరక పరీక్ష ఉద్యోగానికి సంబంధం లేనిదని గెలిచాక. షికాగోలో 1995లో సుమారు 26,000 మంది పరీక్ష రాస్తే, 89, ఆపైన మార్కులు వచ్చినవాళ్లనే ముందు పిలిచారు. 88 వచ్చినవాడు పాసయ్యాడు కానీ పిలుపు రాదు. నల్లజాతి అభ్యర్థులు దావా వేశారు, 2010లో సుప్రీంకోర్టు దాకా పోయి గెలిచారు. న్యూయార్క్ మీద కేంద్ర న్యాయశాఖ 2007లో దావా వేసింది, 2009లో జడ్జి ఆ పరీక్షలు వివక్షేనన్నాడు, 2014లో సుమారు 9.8 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. దీని మీద మా వంటగది బల్ల దగ్గర పెద్ద గొడవలే జరిగేవి. నా అభిప్రాయం అడిగితే, పేరా చదివి జవాబు గుర్తుపట్టడంలో 97 వచ్చినవాడికీ 91 వచ్చినవాడికీ మెట్ల మీద నేనెప్పుడూ తేడా చూడలేదు. పరీక్ష తేలిక చేయాలని కాదు, అది కొలిచేదేదో ఈ పనికి సంబంధించి ఉండాలని.

శారీరక పరీక్ష పేరు సీప్యాట్. ఎనిమిది పనులు, పది నిమిషాల ఇరవై సెకన్లు, ఒంటి మీద 50 పౌన్ల చొక్కా. మొదటిదే మెట్ల యంత్రం, దానికి ఇంకో 25 పౌన్లు కలిపి మూడు నిమిషాలు ఎక్కిస్తారు. తర్వాత హోస్ లాగడం, సామాను మోయడం, నిచ్చెన లేపడం, సుత్తితో కొట్టడం, చీకటి సొరంగంలో పాకడం, 165 పౌన్ల బొమ్మని ఈడ్చడం, కొక్కెంతో సీలింగ్ పొడిచి లాగడం. మార్కుల్లేవు, పాసా ఫెయిలా అంతే. కండలు తిరిగిన కుర్రాళ్లు మెట్ల దగ్గరే అయిపోవడం చాలాసార్లు చూశాను. అద్దం ముందు చేతులు పెంచడం మానేసి, బరువు సంచి వేసుకుని మెట్లెక్కమనండి, వారానికి నాలుగు రోజులు. కాళ్లూ ఊపిరీ వచ్చాక పట్టు కోసం తాడు లాగడం.

ఇవి దాటితే వైద్య పరీక్ష, మానసిక పరీక్ష, గతం తవ్వే విచారణ. అక్కడ చిన్న తప్పు ఒప్పుకున్నవాడు బయటపడతాడు, దాచినవాడు పోతాడు. అన్నీ అయ్యాక రాండల్స్ ఐలాండ్‌లో అకాడమీ, 18 వారాలు. రాసిన రోజు నుంచి పిలుపు దాకా రెండు మూడేళ్లు పట్టొచ్చు. ఆ ఖాళీలో ఏం చేయాలంటే, ఈఎమ్‌టీ లైసెన్సు, అంటే అంబులెన్స్‌లో అత్యవసర వైద్యం చేసే లైసెన్సు తీసుకోమనండి. న్యూయార్క్‌లో అంబులెన్స్ విభాగం 1996 నుంచి ఫైర్ డిపార్ట్‌మెంటులోనే ఉంది. అందులో పనిచేసేవాళ్లకి ఫైర్‌ఫైటర్ కావడానికి వేరే ప్రమోషన్ పరీక్ష ఉంటుంది, బయటివాళ్ల లిస్టుకన్నా ముందు ఆ లిస్టు పిలుస్తారు. తెలిసినవాళ్లు వాడుకునే దారి అది.

ఇంకో కారణం కూడా ఉంది. దేశం మొత్తం మీద ఫైర్ డిపార్ట్‌మెంట్లకి వచ్చే కాల్స్‌లో మంటలు నూటికి నాలుగైదే. ఎక్కువభాగం వైద్యం. గుండెనొప్పి, కింద పడ్డ ముసలమ్మ, మత్తు మందు ఎక్కువై నీలం తిరిగిన కుర్రాడు. తెల్లవారుజామున మూడింటికి ఆరో అంతస్తుకి మెట్లెక్కి పోతే, ఆమెకి కావలసింది మంచం మీదికి ఎత్తి కూర్చోబెట్టే మనిషి. దాంట్లో విసుగు పడేవాడు ఈ ఉద్యోగంలో పదేళ్లకి చేదైపోతాడు. మీవాడి స్వభావం ఎలాంటిదో నాకన్నా మీకే తెలుసు.

భయపెట్టే మాట కూడా దాచను. ఫైర్‌ఫైటింగ్‌ని క్యాన్సర్ తెచ్చే వృత్తిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2022లో మొదటి శ్రేణిలో చేర్చింది. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్ డిపార్ట్‌మెంటు 343 మందిని పోగొట్టుకుంది. ఆ రోజు కూలిన టవర్ల ధూళి పీల్చి తర్వాత జబ్బులతో పోయినవాళ్ల సంఖ్య 2023 నాటికి అంతే అయింది. మేం చేరినప్పుడు మసి పట్టిన హెల్మెట్ గౌరవం, ఉతకని కోటు అనుభవానికి గుర్తు. ఎంత మూర్ఖత్వమో. నాతో చేరిన బ్యాచ్‌లో ఇద్దరం ఇప్పుడు ఆరు నెలలకోసారి స్కాన్‌కి వెళ్తున్నాం. మీవాడు చేరితే ఆ కోటు ఇంటికి తేవొద్దని, కారులో పెట్టొద్దని, మంట నుంచి రాగానే మెడా చెవుల వెనకా తుడుచుకుని స్నానం చేయమని ఇప్పుడే చెప్పండి.

ఆపాలా పంపాలా అన్నది నేను తేల్చలేను. ఒక ఆదివారం పొద్దున మీ వీధి స్టేషన్‌కి వెళ్లి తలుపు తట్టమనండి, ఖాళీగా ఉంటే లోపలికి పిలుస్తారు. బండి మీది బొమ్మలూ దీపాలూ చూశాక, ఆ రోజు రైడింగ్ లిస్ట్ చూపించమని అడగమనండి. చిన్న కాగితం, ఆఫీసర్ దగ్గర ఒకటి, బండిలో ఒకటి ఉంటుంది. పేర్లూ, ఒక్కో పేరుకి ఎదురుగా ఒక్కో పనీ, అంతే. అందులో తన పేరు ఏ పనికి ఎదురుగా చూసుకోవాలనిపించిందో ఇంటికొచ్చాక అడగండి. ‘నాజిల్’ అంటే వయసు మాట్లాడుతోందనుకోండి. ‘తలుపు’ అన్నాడంటే నాకు రాయండి, ఎలా చదవాలో నేను చెబుతాను.